మేరీ డెలానీ కత్తెర

ముసలమ్మ సూది చేతబట్టినచో “పాపము, కాలక్షేపము” అందుము. అది ఎంత తొందరపాటు మాటయో మేరీ డెలానీ వృత్తాంతము తెలుపును.

1700లో ఇంగ్లండున జన్మించిన ఈమె కుట్టుపనిలో చేయి తిరిగినది. నల్లని సాటిను మీద పూలు కుట్టిన ఆమె దర్బారు దుస్తుల భాగములు నేటికిని నిలిచియున్నవి. 1768లో భర్త గతించెను. తరువాత పోర్ట్‌లండ్ డచెస్ ఇంట అతిథిగా నుండగా, 1772లో, తన 72వ ఏట, ఒక ఎఱ్ఱకాగితపు తునక ప్రక్కనున్న జెరేనియం రేకు రంగుతో సరిపోవుట గమనించెను. వెంటనే కత్తెర తీసి రేకులు కత్తిరించి అతికించెను. డచెస్ దానిని నిజమైన పూవే యనుకొన్నదట!

అటుపై పదేండ్లు అదే పని. మొక్కను ఎదుట నుంచుకొని, రంగువేసిన కాగితమును కత్తిరించి కూర్చుట. కొన్ని పూలకు వందలకొలది తునకలు. వెనుక మాత్రము నల్లకాగితమే. అది పాత సాటిను జ్ఞాపకమేమోయని నా యూహ. ఈ బొమ్మలను చూచి మొక్కల లక్షణములను తప్పు భయము లేక వర్ణింపవచ్చునని వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ అభిప్రాయపడెను.

వేయి పూలు పూర్తిచేయవలెనని ఆమె కోరిక. 1782లో చూపు మందగించుటచే కత్తెర దించెను. అప్పటికి 985 అయినవి; అవి బ్రిటిషు మ్యూజియమున గలవు.