దళం పిల్లలది, చాకిరీ పెద్దలది

మన ఊళ్లలో స్కౌట్లు జనం కంటపడేది ఎక్కువగా ఆగస్టు 15న, జనవరి 26న. మెడలో స్కార్ఫ్, నెత్తిన టోపీ, మూడు వేళ్లెత్తి వందనం, వెనకాల డ్రమ్ము. చూసేవాళ్లు దాన్ని ఎన్‌సీసీకి తమ్ముడనుకుంటారు. నిజానికి యూనిఫామూ కవాతూ స్కౌటింగ్ పుట్టకముందే ఉన్నాయి. స్కౌటింగ్ కొత్తగా తెచ్చింది వేరొకటి. ఆరేడుగురు పిల్లల్ని, వాళ్లకంటే రెండు మూడేళ్లు పెద్దవాడైన మరో పిల్లాడి చేతికి అప్పగించి పెద్దవాళ్లు పక్కకు తప్పుకోవడం. ఆ చిన్న గుంపు పేరు పట్రోల్, కొన్ని పట్రోళ్లు కలిస్తే ట్రూప్. ఈ ఉద్యమ చరిత్రను నాయకుల వైపు నుంచి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటి వైపు నుంచి చూస్తే మరో సంగతి తేటపడుతుంది. మొదటి నమూనాలో అమ్మానాన్నలకు చోటే లేదు. తర్వాత వచ్చారు, అదీ ఒకరు పిలిచి పీట వేసినందుకు కాదు, ఎప్పటికప్పుడు ఏదో ఒక లోటు పూడ్చాల్సి రావడంవల్ల. అలా వచ్చిన పెద్దలు పిల్లల పెత్తనాన్ని ముట్టుకోకుండా మిగతా చాకిరీ తమ నెత్తిన వేసుకోవడమే ట్రూపును నిలబెట్టే అమరిక అని నా వాదన. మన దగ్గర ఆ అమరికలో రెండు ముక్కలూ జారిపోయాయి.

కథ దక్షిణాఫ్రికాలో మొదలవుతుంది. 1899 అక్టోబరులో అక్కడి డచ్చి సంతతి బోయర్లు మాఫెకింగ్ పట్టణాన్ని ముట్టడించారు, ఆ ముట్టడి 217 రోజులు సాగింది. లోపల బ్రిటిష్ దళానికి అధిపతి రాబర్ట్ బేడెన్ పోవెల్. ఆయన కింది అధికారి లార్డ్ ఎడ్వర్డ్ సిసిల్ ఊళ్లోని కుర్రాళ్లను పోగుచేసి, ఉత్తరాలు మోయడానికీ కబుర్లు చేరవేయడానికీ పెట్టాడు. అప్పగించిన పనిని పిల్లలు ఎంత బాధ్యతగా చేస్తారో బేడెన్ పోవెల్‌కు అక్కడ అర్థమైంది. ఇంగ్లండుకు తిరిగొచ్చేసరికి, సైనికుల కోసం తాను రాసిన వేగు పాఠాల పుస్తకాన్ని పిల్లలు చదువుకుంటున్నారు. గ్లాస్గోలో 1883లో బాయ్స్ బ్రిగేడ్ అనే పిల్లల కవాతు సంస్థను స్థాపించిన విలియం స్మిత్ ఆ పుస్తకాన్ని పిల్లలకు తగినట్టు తిరగరాయమన్నాడు. ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది: సైన్యాధికారి బుర్రలో పుట్టింది, సైనికుల పుస్తకంలోంచి వచ్చింది, ఇది పసివాళ్లను సిపాయిలను చేసే ఎత్తుగడ కాదా? ఆ అనుమానం ఇంగ్లండులోనే పుట్టింది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. సామ్రాజ్యానికి గట్టి పౌరులు కావాలన్న ఆరాటం ఆయన రాతల్లో దాగలేదు. కానీ కవాతు చేయించే సంస్థలో వంద మందిని ఒక్క గొంతు నడిపిస్తుంది. పట్రోల్‌లో ఎనిమిది మంది తమలో తాము మాట్లాడుకోక తప్పదు. ఉద్దేశం ఏదైనా, కట్టడం బ్యారక్ పోలికది కాదు.

ఆ కట్టడాన్ని మొదట పరీక్షించింది 1907 ఆగస్టులో, ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రౌన్‌సీ ద్వీపంలో. ఇరవై మందికి కాస్త అటూ ఇటూ కుర్రాళ్లు. సగం మంది డబ్బున్న కుటుంబాల వాళ్లు, పేరున్న ప్రైవేటు బళ్లలో చదివేవాళ్లు. మిగతావాళ్లు పక్క ఊళ్లు పూల్, బోర్న్‌మత్‌ల బాయ్స్ బ్రిగేడ్ పిల్లలు. శిబిరం రుసుము ధనికుల పిల్లలకు ఒక పౌను, మిగతావాళ్లకు మూడున్నర షిల్లింగులు. ఆ రోజుల ఇంగ్లండులో ఈ రెండు వర్గాల పిల్లలు ఒకే గుడారంలో పడుకోవడమే వింత. నాలుగు పట్రోళ్లు చేసి తోడేళ్లు, ఎద్దులు, కాకులు, కర్ల్యూ పిట్టలు అని పేర్లు పెట్టారు. ఎవరు ఏ పట్రోలో తెలియడానికి భుజాన ఉన్ని పోగుల కుచ్చు కట్టారు: తోడేళ్లకు నీలం, ఎద్దులకు ఆకుపచ్చ, కాకులకు ఎరుపు, కర్ల్యూలకు పసుపు. ఒక్కో పట్రోల్‌కు ఒక్కో గుడారం, పెద్ద కుర్రాడొకడు లీడర్. రోజుకో పట్రోల్ రాత్రి కావలికి వెళ్లేది. పిండి, మాంసం, దుంపలు, టీ పొడి కొలిచి ఇస్తే పట్టుకుపోయి నిప్పు రాజేసుకుని వండుకునేవాళ్లు. మాడినా ఉడక్కపోయినా తినాల్సింది వాళ్లే. ఈ ఏర్పాటులో తల్లిదండ్రుల పని పంపేటప్పుడే అయిపోయింది. అది మరుపు వల్ల జరిగింది కాదు. గారాబం చేసే ఇల్లు, బెత్తంతో నడిచే బడి, ఈ రెండిటికీ దూరంగా కుర్రాడికి మూడో చోటు కావాలన్నదే ఆ ప్రయోగం.

1908 జనవరి నుంచి, బేడెన్ పోవెల్ పిల్లల కోసం తిరగరాసిన పుస్తకం పదిహేను రోజులకో భాగం చొప్పున ఆరు భాగాలుగా, ఒక్కోటి నాలుగు పెన్నీలకు వచ్చింది. ఉన్న సంస్థలు ఆ పాఠాలను వాడుకుంటాయనే ఆయన అనుకున్నాడు, కొత్త సంస్థ పెట్టే ఆలోచన గట్టిగా లేదు. పిల్లలు ఆగలేదు. పుస్తకం కొని, నలుగురైదుగురు జట్టుకట్టి, ఒకణ్ని లీడర్ చేసుకుని, ఆ తర్వాత తమకో స్కౌట్‌మాస్టర్ కావాలని పెద్దవాళ్లను వెతుక్కున్న ఊళ్లున్నాయి. అంటే ట్రూప్ కంటే పట్రోల్ ముందు పుట్టింది, స్కౌట్‌మాస్టర్ కంటే లీడర్ ముందున్నాడు. తొలి నియమావళి కూడా ఇదే చెబుతుంది. విధేయత గురించిన ఏడో నియమం 1908లో కుర్రాడు ఎవరి మాట వినాలో చెబుతూ ఇద్దరినే పేర్కొంది: పట్రోల్ లీడర్, స్కౌట్‌మాస్టర్. కన్నవాళ్ల ఊసు లేదు. కొన్నేళ్లకే సవరించి ఆ వరసలో తల్లిదండ్రులను ముందు చేర్చారు. ఇళ్లలో ఎంత గొణుగుడు లేకపోతే ఆ సవరణ వచ్చి ఉంటుంది! కొడుకు పద్నాలుగేళ్ల లీడర్ మాటకు పరిగెత్తి, అమ్మ పిలిస్తే పలక్కపోవడం ఏ ఇంట్లో చెల్లుతుంది?

నియమంలో చోటు దొరకడం ఒక ఎత్తు, దళంలో దొరకడం మరో ఎత్తు. ఆ తలుపు తీసింది పిల్లలే. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల సమావేశానికి, పిలవకుండానే, అచ్చం స్కౌట్ల వేషంలో ఆడపిల్లలు వచ్చి నిలబడ్డారు. మరుసటి ఏడే బేడెన్ పోవెల్ చెల్లెలు ఆగ్నెస్ పెద్దరికంలో ఆడపిల్లల కోసం గైడ్స్ మొదలైంది. మగపిల్లల వెనకాల తమ్ముళ్లు పడ్డారు. పదకొండేళ్లు నిండనివాళ్లు అన్నలతో పాటు క్యాంపులకు వస్తామని పేచీ. వాళ్లకోసం 1916లో కబ్స్ విభాగం ఏర్పడింది, కిప్లింగ్ అడవి కథల్లోని తోడేళ్ల గుంపును దానికి నమూనాగా తీసుకున్నారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, స్కౌట్‌మాస్టర్లు రణరంగంలో ఉన్నారు. చిన్నపిల్లల గుంపులను చేతుల్లోకి తీసుకున్నవాళ్లలో ఎందరో స్త్రీలు, కబ్స్ విధానానికి రూపమిచ్చిన వెరా బార్క్లే వాళ్లలో ఒకరు. ఇంట్లో ఒక పిల్లాడు చేరితే మిగతా ఇల్లు వెనక వచ్చింది. చక్కగా గీసిన పథకం ప్రకారమే స్కౌటింగ్ ఎదిగిందని చెప్పే చరిత్రలను నేను నమ్మను. తమ్ముడి ఏడుపు, అక్క పంతం, మగవాళ్లు ఊళ్లో లేకపోవడం, ఈ మూడూ లేకపోతే అది కుర్రాళ్ల వేసవి సరదాగానే మిగిలేది.

అదే యుద్ధం పట్రోల్ పద్ధతికి కూడా పరీక్ష పెట్టింది. పెద్దలు లేని చోట పట్రోల్ లీడర్లే ట్రూపులు నడుపుకొచ్చారు. ఆ పద్ధతిని శాస్త్రంగా రాసినవాడు రోలండ్ ఫిలిప్స్. ఆయన పుస్తకం 1914లో వచ్చింది, 1916లో సోమ్ యుద్ధంలో చనిపోయాడు. లీడర్లందరూ కూర్చుని ట్రూప్ వ్యవహారాలు, డబ్బు, తప్పొప్పులు తేల్చుకునే కోర్ట్ ఆఫ్ ఆనర్‌కు ఆయన పెద్దపీట వేశాడు. స్కౌట్‌మాస్టర్ అందులో సలహాదారే. దళం ఎంత ఉండాలన్న లెక్కలోనూ ఇదే పట్టు. పదహారు మంది వరకే తాను సరిగా చూసుకోగలనని, తనకంటే రెండింతలు సమర్థులు ఉంటారని ఒప్పుకుని 32 దాకా పోవచ్చని బేడెన్ పోవెల్ కాస్త చమత్కారంగా చెప్పాడు. ఎనిమిదేసి మంది చొప్పున నాలుగు పట్రోళ్లకు మించితే లీడర్ల మీద నడిచే ట్రూప్ మాస్టర్ ఈల మీద నడవడం మొదలుపెడుతుంది.

తల్లిదండ్రులను లోపలికి తెచ్చుకోవడాన్ని ఒక యంత్రాంగంగా మార్చింది అమెరికా. అక్కడ 1910లో మొదలైన ఉద్యమంలో ప్రతి ట్రూప్‌నూ ఏదో ఒక స్థానిక సంస్థ, అంటే చర్చో పౌర క్లబ్బో, దత్తత తీసుకుంటుంది. ట్రూప్ వెనక ఒక కమిటీ ఉంటుంది, అందులో ఎక్కువమంది ఆ ట్రూప్ పిల్లల తల్లిదండ్రులే. పద్దులు రాసేదొకరు, క్యాంపుకు కార్లు కుదిర్చేదొకరు, గుడారాలు తడిస్తే ఆరబెట్టి మడతపెట్టించేదొకరు, తమకు తెలిసిన విద్యలో బ్యాడ్జి కోసం పిల్లలను తయారుచేసేది మరొకరు. మెనూ వేయడం, ఎక్కడికి వెళ్లాలో తేల్చడం, కొత్తవాడికి ముడులు నేర్పడం మాత్రం పిల్లల పని. వాళ్లు ఎన్నుకున్న సీనియర్ పట్రోల్ లీడర్ సమావేశం నడుపుతాడు. 1930లో మొదలైన అక్కడి కబ్స్ విభాగం ఇంటికి ఇంకా దగ్గరగా జరిగింది. పేటలో ఎవరో ఒకరి ఇంట్లో చిన్న గుంపు, దానికి డెన్ మదర్‌గా ఆ ఇంటి తల్లి. అయినా స్త్రీలు స్కౌట్‌మాస్టర్లు కావడానికి 1988 దాకా ఆగాల్సివచ్చింది, అంటే అమ్మల చాకిరీని ఎంతో ముందే తీసుకుని హోదా చివర్లో ఇచ్చారు. మన ఎన్నారై వార్తల పేజీల్లో ఈగల్ స్కౌట్ అయిన తెలుగు పిల్లల ఫొటోలు కనిపిస్తుంటాయి. పద్దెనిమిదేళ్లు నిండేలోగా 21 బ్యాడ్జీలు, తానే ముందుండి నడిపిన ఒక సేవాకార్యక్రమం ఆ హోదాకు కావాలి. ఆ కార్యక్రమాన్ని నాన్నే ఆలోచించి, నాన్నే ఫోన్లు చేసి, అబ్బాయి ఫొటోకు నిలబడితే బ్యాడ్జి వస్తుందేమో గాని పట్రోల్ పద్ధతి అక్కడే ఆగిపోతుంది. కాలేజీ దరఖాస్తు మీద కన్ను వేసిన ఇళ్లకు ఇది చిన్న ప్రలోభం కాదు.

దీనికి గట్టి ఎదురువాదం ఒకటుంది. పెద్దలు వెనక్కి జరగాలంటున్నారు, జరిగిన చోట పిల్లలకు ఏమైంది? అమెరికా సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ కేసులో, చిన్నప్పుడు తమపై లైంగిక వేధింపులు జరిగాయంటూ 82 వేల మందికి పైగా ముందుకొచ్చారు. ఈ అంకె ముందు ఏ ఆదర్శమూ తల ఎత్తలేదు. అయితే అక్కడ జరిగిన ద్రోహం పిల్లాడు పిల్లాణ్ని నడిపించడంలోంచి రాలేదు, ఒంటరిగా అధికారం చేతికొచ్చిన పెద్దవాడి నుంచి వచ్చింది. కాబట్టి మందు కూడా లీడర్ చేతిలోంచి పెత్తనం లాక్కోవడం కాదు. ఇద్దరు పెద్దలు లేకుండా ఏ కార్యక్రమమూ జరగకూడదు, ఏ పెద్దమనిషీ పరాయి పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు అనే నిబంధనలకు తల్లిదండ్రుల కళ్లు కావాలి. పెద్దలు నాయకత్వం నుంచి తప్పుకోవడం వేరు, కాపలా నుంచి తప్పుకోవడం వేరు. రెండూ ఒకటేనని అనుకున్న చోటే ప్రమాదం దూరింది.

మన దేశానికి స్కౌటింగ్ 1909లో బెంగళూరులో కెప్టెన్ బేకర్ ద్వారా వచ్చింది, అప్పట్లో తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మన పిల్లలకు తలుపు మూసి ఉన్నందుకే అనీ బిసెంట్, అరండేల్ 1916లో మద్రాసులో వేరే సంఘం పెట్టి నెత్తిన తలపాగా చుట్టించారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి సేవాసమితి స్కౌట్లను నడిపారు. ఈ పాయలన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది, గైడ్స్ సంఘం 1951 ఆగస్టు 15న చేరింది. రూపం అదే: ఆరు నుంచి ఎనిమిది మందితో పట్రోల్, కోర్ట్ ఆఫ్ ఆనర్, ప్రవేశ్ నుంచి రాష్ట్రపతి పురస్కారం దాకా మెట్లు. మన తొమ్మిది నియమాల్లో విధేయత స్థానంలో క్రమశిక్షణ ఉంది, తల్లిదండ్రుల ప్రస్తావన మళ్లీ పోయింది. అది యాదృచ్ఛికమే కావచ్చు, ఆచరణ మాత్రం దానికి సరిపోయింది. ఇక్కడి ట్రూపుల్లో ఎక్కువ భాగం బడి ట్రూపులు. స్కౌట్‌మాస్టర్ అంటే ఎనిమిదో తరగతి లెక్కలో డ్రిల్లో చెప్పే మాస్టారు. పట్రోల్ లీడర్ పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, నిర్ణయం మాస్టారి దగ్గర ఉంటుంది. ఇంటికి చేరేది యూనిఫామ్ డబ్బుల కబురు, క్యాంపు అనుమతి పత్రం.

బడిని తప్పుపట్టడం అన్యాయం అనేవాళ్ల మాటలో పస ఉంది. కూలికెళ్లే తల్లి సాయంత్రం కమిటీలో కూర్చోలేదు. అమెరికా పద్ధతికి తీరికా కారూ ఉన్న మధ్యతరగతి కావాలి. ప్రభుత్వ బడి లేకపోతే పేదింటి పిల్లాడి మెడలోకి ఆ స్కార్ఫ్ వచ్చేదే కాదు. ఒప్పుకుంటాను. కానీ తీరిక లేని ఇల్లు కూడా ఇవ్వగలిగేది ఒకటుంది, విద్య. తాడు ముడులు పశువుల కాపరికీ తాపీ మేస్త్రీకీ పుస్తకంలో కంటే బాగా వచ్చు, పరంజా కట్టే మనిషి కర్రా తాడూ కలిపి కట్టే పద్ధతులు ఏ శిక్షణ శిబిరమూ అంత సులువుగా నేర్పలేదు. నెలకొక్క ఆదివారం ఆ తండ్రిని పిలిచి పట్రోల్‌కు నేర్పించమనడానికి కమిటీ అక్కర్లేదు. ఇక మాస్టారు కోర్ట్ ఆఫ్ ఆనర్‌ను నిజంగా కూర్చోబెట్టడానికి డబ్బూ అక్కర్లేదు, ఇంటి సాయమూ అక్కర్లేదు. ఆయన కాసేపు నోరు మూసుకుంటే చాలు, మన బడి అలవాట్లలో అదే అన్నిటికంటే కష్టం.

బడి గోడ బయట కూడా దారి ఉంది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంఘం నిబంధనలు బడితో పనిలేని ఓపెన్ గ్రూపులను అనుమతిస్తాయి. రైల్వే జోన్లను సంఘం విడి రాష్ట్రాల్లాగే లెక్కిస్తుంది, సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే వాటిలో ఒకటి. రైల్వే కాలనీలో గార్డు కొడుకూ ఫిట్టర్ కూతురూ ఒకే మైదానంలో ఆడతారు, వాళ్ల నాన్నలు ఒకే షెడ్డులో ఒకరినొకరు ఎరుగుదురు, యాభై ఏళ్ల మనిషి కూడా ఒకప్పుడు అదే గ్రూపులో రోవర్, అంటే పెద్ద వయసు స్కౌట్, అయి ఉండొచ్చు. వేసవిలో ప్లాట్‌ఫారం మీద ప్రయాణికులకు మంచినీళ్లు అందించే పిల్లల వెనక బిందెలు నింపి పెట్టేది ఆ పెద్దలే.