429 కోట్ల సంఖ్య, 92 ఏళ్ల నమ్మకం

4294967297. మన లెక్కలో చదివితే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే అనుకుంటాం గానీ ఈ సంఖ్యకూ ఒక చరిత్ర ఉంది.

ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో పియర్ ద ఫెర్మా అనే ఆయన న్యాయస్థానంలో ఉద్యోగి. గణితం ఆయనకు తీరిక వేళల పని. 2 యొక్క 1, 2, 4, 8, 16 ఘాతాలకు 1 చొప్పున కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాన్ని ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని 1640లో ఆయన ఉత్తరంలో రాశాడు. రుజువు తన దగ్గర లేదని కూడా చెప్పాడు. అయినా గట్టిగా నమ్మాడు. (మా తరగతిలోనూ అంతే, మూడు లెక్కలకు సరిపోతే అదే సూత్రం అనేస్తారు!) 16 తర్వాతి ఘాతం 32. దానికి 1 కలిపితే వచ్చేదే పైన రాసిన సంఖ్య.

1729లో గోల్డ్‌బాక్ ఈ సంగతి ఆయిలర్‌కు రాసి అడిగాడు. అప్పటికి ఆయిలర్‌కు 22 ఏళ్లు, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. 1732లో ఆయన జవాబు చెప్పాడు: ఆ సంఖ్య 641తో భాగింపబడుతుంది. భాగఫలం 6700417.

కావాలంటే మీరే చూడండి. 6700417ను 600తో గుణిస్తే 4020250200. 40తో గుణిస్తే 268016680. ఈ రెండింటికీ ఇంకో 6700417 కలపండి. నేను రఫ్ నోట్‌బుక్‌లో చేశా, అర పేజీ కూడా పట్టలేదు.

గుణించడం సులువే, అసలు 641ని పట్టుకోవడం ఎలా? ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. దీనికి ఆయిలరే తర్వాత రుజువు ఇచ్చాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదో ప్రయత్నానికే దొరుకుతుంది, వందల భాగహారాలు అక్కర్లేదు.

నాకు బాగా ఆశ్చర్యం వేసింది ఇక్కడే. ఇలాంటి ఉపాయం ఫెర్మాకు తెలుసు. అదే 1640లో, 2 యొక్క 37వ ఘాతం నుంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యను 223 భాగిస్తుందని ఆయన ఇదే రకం ఉపాయంతో కనిపెట్టాడు. అంత చేసినవాడు ఈ ఐదు భాగహారాలు ఎందుకు చేయలేదో, చేసి ఎక్కడైనా తడబడ్డాడో!

అలాగని ఆ ఐదు సంఖ్యలూ వృథా కాలేదు. 1796లో పద్దెనిమిదేళ్ల గాస్, స్కేలు, వృత్తలేఖినితోనే 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని చూపించాడు. ఆ 17 ఫెర్మా వరసలోదే. ఘాతం 64 అయినప్పుడు వచ్చే సంఖ్యను 274177 భాగిస్తుందని 1880లో లాండ్రీ అనే ఆయన కనుక్కున్నాడు. అప్పుడాయన వయసు 82. ఈ వరసలో ఆరో ప్రధాన సంఖ్య మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. లేనే లేదని కూడా ఎవరూ రుజువు చేయలేదు.