జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో గృహ నిర్మాణం - భద్రత

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉత్తర తెలంగాణలోని పట్టణాలు. ఇవి పూర్వం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో మొదటి రెండు జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరాయి. ఈ ప్రాంతంలో సొంత ఇండ్లలో ఎక్కువ భాగం ఇంటి యజమాని, సుతారి మేస్త్రీ కలిసి కట్టుకొనేవే. పెద్ద కట్టడాలలో వలె ప్రతిదినం పర్యవేక్షించే ఇంజనీరు గాని, భద్రతాధికారి గాని ఇక్కడ ఉండరు. అందువలన పనివారి ప్రాణరక్షణ బాధ్యత ఆచరణలో యజమాని మీదనే పడుతుంది.

నేపథ్యం

పాత ఇండ్లకు మందమైన మట్టి గోడలు, టేకు దూలాలు, వాసాలు, వాటిపై గూన పెంకులు ఉండేవి. కలిగినవారు డంగు సున్నంతో రాతి గోడలు కట్టించుకొనేవారు. గల్ఫ్ దేశాలకు వలసలు పెరిగిన తరువాత, అక్కడి సంపాదనతో పాత ఇల్లు విప్పి స్లాబు ఇల్లు కట్టుకోవడం సాధారణమయింది. వలస వెళ్ళినవారిలో చాలామంది అక్కడ కూడా సుతారి, సెంట్రింగ్, సలాక వంచే పనులే చేస్తారు. అక్కడి పెద్ద కట్టడాలలో హెల్మెట్, నడుము తాడు లేనిదే పైకి ఎక్కనివ్వరు. స్వగ్రామంలో అడిగేవారు లేనందున అదే పనివాడు వట్టి తలతో, చెప్పులు లేకుండా గోవ (పరంజా) ఎక్కుతాడు. లోపం నైపుణ్యంలో లేదు, ఏర్పాటులో ఉన్నది.

పాత ఇంటిని విప్పుట

కూల్చే పని కట్టే పనికంటె ప్రమాదకరం. మట్టి గోడ అడుగు భాగం వానకు నాని బలహీనపడుతుంది. పైకి గట్టిగా కనిపించినా ఒక్కసారిగా ఒరిగిపోతుంది. పాటించవలసిన క్రమం ఇది:

* ముందుగా విద్యుత్ కనెక్షన్ తీయించాలి. జగిత్యాల, కోరుట్లలో ఇది ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ పని. సిరిసిల్లలో 1970లో ప్రారంభమైన సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్) విద్యుత్తును అందిస్తూ వచ్చింది.
* పైనుండి కిందికి విప్పుతూ రావాలి: పెంకులు, వాసాలు, దూలాలు, చివరకు గోడలు. గోడ అడుగున తవ్వి పడగొట్టరాదు.
* పొరుగు ఇంటితో ఉమ్మడి గోడ ఉంటే దానికి ఊతకర్రలు పెట్టిన తరువాతనే పని మొదలుపెట్టాలి.
* సిమెంటు రేకులపై నేరుగా అడుగు వేయరాదు, అవి హఠాత్తుగా విరుగుతాయి. ఆధారాల మీద పలక వేసి నడవాలి. పాత రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది కనుక పొడిగా కోయరాదు. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం.

పునాది

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొంటుంది. అట్టి నేలలో పునాది లోతు, రకం ఇంజనీరు నిర్ణయించాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3764 ప్రకారం 1.5 మీటర్లకు మించిన కందకాల పక్కలకు పలకలతో ఊతం ఇవ్వాలి. తవ్విన మట్టిని అంచు నుండి కనీసం 1.5 మీటర్లు, లేదా కందకం లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి.

మానేరు తీరాన ఉన్న సిరిసిల్లలో 2021 సెప్టెంబరులో వీధులు జలమయమయ్యాయి. పల్లపు స్థలాలలో అరుగు ఎత్తు నిర్ణయించేటప్పుడు వరద నీరు చేరిన ఎత్తును గుర్తు పెట్టుకోవాలి. ఇంటిలో సాంచాలు (మరమగ్గాలు) నడిపేవారు వాటిని నేల అంతస్తులోనే అమర్చుకోవడం మంచిది. పై అంతస్తులో పెట్టదలిస్తే వాటి బరువు, అదురు ముందే లెక్కలోకి రావాలి.

స్లాబు

వెయ్యి చదరపు అడుగుల వైశాల్యం, 5 అంగుళాల మందం గల స్లాబు దాదాపు 30 టన్నుల బరువుంటుంది. గట్టిపడేవరకు ఈ భారమంతా సెంట్రింగ్ కర్రలదే. కొత్తగా నింపిన మొరంపై నిలిపిన కర్రలు తడికి దిగబడతాయి కనుక ప్రతి కర్ర కింద పలక వేయాలి. స్లాబు పోస్తున్నప్పుడు కింద ఎవరూ ఉండరాదు.

ఐ.ఎస్. 456 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినపుడు 4.5 మీటర్ల వరకు వెడల్పు గల స్లాబు కింది కర్రలను 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. దూలాల కింద 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21 రోజులు. బూడిద కలిసిన సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది కనుక మరింత వ్యవధి ఇవ్వాలి. ఎం-20 కాంక్రీటుకు 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదు. పలుచగా ఉంటే పని సులువే గాని బలం తగ్గుతుంది.

గోవ, తీగలు, ఎండ

గోవపై రెండు మూడు పలకలు పక్కపక్కన కట్టి, బయటి వైపు నడుమెత్తు అడ్డకర్ర కట్టాలి. నిచ్చెనను 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున వాల్చి, పై అంచును కట్టివేయాలి.

11 కె.వి. తీగకు, భవనానికి మధ్య నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్లు ఎడం ఉండాలని నిబంధన. సలాక సాధారణంగా 12 మీటర్ల పొడవుంటుంది. పైకి అందించేటప్పుడు అది తిరిగితే ఈ ఎడం చాలదు. తీగలున్న వైపు నుండి సలాక ఎక్కించరాదు.

ఈ ప్రాంతంలో వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల వరకు ఎండలో పని నిషిద్ధం. ఇక్కడ కూడా పనిని ఉదయం, సాయంత్రం వేళలకు మార్చుకోవచ్చు.

సంపు, సెప్టిక్ ట్యాంకు

కొత్తగా కట్టి మూసి ఉంచిన తొట్టిలో తడిసిన సెంట్రింగ్ చెక్క ప్రాణవాయువును హరిస్తుంది. చెక్కలు తీయడానికి దిగిన మనిషి క్షణాలలో స్పృహ తప్పవచ్చు. అతనిని రక్షించబోయి దిగినవారు కూడా మరణించడం ఇట్టి ప్రమాదాల లక్షణం. మూతలన్నీ తెరచి, ఫ్యాన్‌తో గాలి పంపి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు కాపలా ఉన్న తరువాతనే దిగాలి. పడినవారి కోసం తాడు, గాలి ఏర్పాటు లేకుండా ఎవరూ దిగరాదు. పిల్లలు పడకుండా సంపుకు మొదటి రోజు నుండే మూత ఉండాలి.

కార్మికుల హక్కులు

భవన నిర్మాణ కార్మికుల భద్రతకు, సంక్షేమానికి కేంద్రం 1996లో చట్టం చేసింది. దానికింద రాష్ట్రాలలో సంక్షేమ మండళ్ళు ఏర్పడ్డాయి. 2025 నవంబరు 21 నుండి 2020 నాటి కార్మిక స్మృతులు ఆ చట్టం స్థానంలోకి వచ్చాయి. 18 నుండి 60 ఏండ్ల వయస్సుండి, గడచిన 12 నెలలలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు పేరు నమోదు చేసుకోవచ్చు. పనికి పిలిచే ముందే కార్డు ఉన్నదా అని యజమాని అడిగితే, ప్రమాదం జరిగిన ఇంట ఆ కుటుంబానికి కొంత ఆధారం మిగులుతుంది.

ప్రమాదం జరిగినపుడు

ఎత్తు నుండి పడినవారిని లేపి కూర్చోబెట్టరాదు, వెన్నెముకకు హాని కలుగవచ్చు. మెడ కదలకుండా ఉంచి 108కు ఫోను చేయాలి. విద్యుత్ ఘాతం తగిలినవారిని సరఫరా ఆపిన తరువాతనే తాకాలి. కంటిలో సున్నం, సిమెంటు పడితే వెంటనే కనీసం 20 నిమిషాలు శుభ్రమైన నీటితో కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.