మూయాలా, ఆగాలా? ఒక చిన్న గొట్టం చరిత్ర

నెలలు నిండని బిడ్డకు 'పీడీఏ' ఉందని డాక్టరు చెప్పగానే, మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు 'గుండెకు రంధ్రం పడిందట' అనే మాట చుట్టాలందరికీ పాకిపోతుంది. తల్లి సగం ప్రాణం అక్కడే పోతుంది. నిజానికి అది రంధ్రం కాదు. కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు కదా, రక్తం ఊపిరితిత్తులను తప్పించుకుని పోవడానికి ఉన్న చిన్న గొట్టం. నెలలు నిండి పుడితే రెండు మూడు రోజుల్లో తనంతట తానే మూసుకుంటుంది. ముందే పుడితే చాలాసార్లు తెరిచే ఉంటుంది. అది పెద్దదైతే ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా పోయి బిడ్డ ఆయాసపడుతుంది.

1938 ఆగస్టు 26న అమెరికాలోని బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్, తన పై డాక్టరు ఊళ్లో లేనప్పుడు, ఏడేళ్ల పాపకు ఆపరేషన్ చేసి ఈ గొట్టాన్ని దారంతో కట్టేశాడు. పాప బతికింది. కానీ కిలో కూడా తూగని పసికందు ఛాతీ తెరవడం వేరే సంగతి.

1976లో మందు దొరికింది. గొట్టాన్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం. దాన్ని తగ్గించే ఇండోమెథసిన్ అనే నొప్పి మందు ఇస్తే గొట్టం మూసుకుంటుందని అమెరికాలో రెండు బృందాలు చూపించాయి. తర్వాత ఐబుప్రోఫెన్, ఆపైన పారాసిటమాల్ వచ్చాయి. నిండు గర్భిణి డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోవద్దనేదీ ఇందుకే. కడుపులోనే ఆ గొట్టం ముడుచుకునే ప్రమాదం ఉంది.

మందు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది కాబట్టి చాలా ఏళ్లు 'కనబడగానే మూసెయ్' అన్నారు. కానీ ఆ మందులతో మూత్రపిండాలకు, పేగులకు ఇబ్బంది రావచ్చు. 2023లో నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్ డాక్టర్లు 28 వారాల లోపు పుట్టిన 273 మంది పిల్లలపై చేసిన అధ్యయనం వెలువడింది. ఐబుప్రోఫెన్ వెంటనే ఇచ్చిన పిల్లల్లో 63.5 శాతం మందికి మరణమో, పేగుల, ఊపిరితిత్తుల తీవ్ర సమస్యో ఎదురైంది. ఆగి చూసిన పిల్లల్లో అది 46.3 శాతమే. అంటే ఆగడం నిర్లక్ష్యం కాదు, అదీ వైద్యమే.

అయితే ఆగడమంటే వదిలేయడం కాదు. ఎకో తీసి, శ్వాస, మూత్రం, పాలు అరగడం రోజూ చూస్తుండాలి. వెంటిలేటర్ తీయలేకపోతున్నా, గుండె అలసిపోతున్నా మందో, ఆపరేషనో ఆలోచిస్తారు. 2019 నుంచి అమెరికాలో 700 గ్రాముల పిల్లలకు కూడా రక్తనాళం గుండా పంపి మూసే చిన్న పరికరానికి అనుమతి ఉంది.

మన దగ్గర దూరమే పెద్ద చిక్కు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. అంత చిన్న బిడ్డకు ప్రయాణమే ఒక గండం. ఖర్చు విషయంలో మాత్రం 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ఇళ్లను ఆదుకుంది.

అందుకని ఐసీయూ బయట కూర్చున్న అక్కచెల్లెళ్లు 'రంధ్రం ఎంత?' అని కాక ఈ మూడూ అడగండి: గొట్టం వల్ల బిడ్డకు ఇప్పుడు ఇబ్బంది ఉందా? ఆగితే మళ్లీ ఎకో ఎప్పుడు? పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తే ఏ గుర్తులు చూసి చెబుతారు?