నలభై రెండేళ్ల ఆలస్యం

భద్రాచలం, ఖమ్మం వైపు నుంచి హైదరాబాదు వచ్చే బస్సులు ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోతాయి. కోచింగు కోసం వచ్చే మన పిల్లలు చాలామంది ఇక్కడే దిగుతారు. నా దగ్గర చదివిన ఒక కోయ కుర్రాడూ అలాగే దిగి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చేరాడు. మొదటి చలికాలానికే ఎముకల్లో నొప్పులు, కళ్లు పచ్చబడటం. ఒక క్లినిక్‌లో కీళ్లవాతం అన్నారు, ఇంకోచోట కామెర్లు అన్నారు. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాశారు. అలా రెండేళ్లు. చివరికి ఎల్‌బీ నగర్‌లో ఒక డాక్టరమ్మ "మీది ఏ ఊరు బాబూ? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని అడిగింది. అప్పుడుగానీ సికిల్‌సెల్ అని తేలలేదు.

ఈ జబ్బు చరిత్రలో మొదటి రోగి కూడా చదువుకోసం ఊరు విడిచినవాడే. పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. గ్రెనడా ద్వీపం నుంచి 1904లో దంతవైద్యం చదవడానికి షికాగో వచ్చాడు. దగ్గు, ఆయాసంతో ఆసుపత్రిలో చేరితే, ఎర్నెస్ట్ ఐరన్స్ అనే చిన్న డాక్టరు అతని రక్తంలో కొడవలిలా వంగిన కణాలు చూశాడు. పెద్ద డాక్టరు జేమ్స్ హెరిక్ 1910లో దాన్ని అచ్చువేయించాడు గానీ, అది ఏ జబ్బో తేల్చలేదు. నోయెల్ చదువు ముగించి, సొంత దీవిలో పళ్ల డాక్టరుగా పనిచేసి 1916లో చనిపోయాడు. జబ్బుకు 'సికిల్‌సెల్ ఎనీమియా' అన్న పేరు 1922లో పెట్టారు.

తర్వాత ఇంకో పొరపాటు జరిగింది. ఇది నల్లజాతివాళ్లకే వస్తుందని అమెరికా డాక్టర్లు గట్టిగా నమ్మారు. లోపం హిమోగ్లోబిన్‌లో ఉందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. అప్పటికీ మన అడవుల వైపు ఎవరి చూపూ పడలేదు. 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి ఆదివాసుల రక్తం పరీక్షించి, ఇక్కడా ఉందని రాశారు. హెరిక్ వ్యాసానికీ దీనికీ మధ్య 42 ఏళ్లు. గోండు, కోయ గూడేల్లో కూడా ఉందని ఆ తర్వాత తెలిసింది. షికాగోలో వింత అనిపించింది మన దగ్గర కొత్తదేం కాదు. మలేరియా ఉన్న అడవుల్లో ఈ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లకు కొంత రక్షణ దొరికింది, అందుకే అది నిలిచింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు.

పరీక్షలోనూ తికమకలున్నాయి. ముందుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష జన్యువు మోసేవాళ్లనూ జబ్బు ఉన్నవాళ్లనూ వేరు చేయలేదు. దానికి హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ కావాలి. ముందు రక్తం ఎక్కించి తర్వాత పరీక్షిస్తే, దాత రక్తం కలిసి ఫలితం తారుమారు కావచ్చు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బు ఉంది. ఆ సర్టిఫికెట్ కావాలన్నా ముందు జబ్బు పేరు కాగితం మీదికి రావాలి కదా.

ఆ కుర్రాడి చెల్లెలు మా బడిలోనే ఏడో తరగతి. ఆమె ఆరోగ్య కార్డులో ఇప్పటికీ 'రక్తం తక్కువ' అనే ఉంది. పరీక్షకు పంపమని వాళ్ల నాన్నతో మాట్లాడాను. పత్తి ఏరడం అయ్యాక వెళ్దాం సారూ అన్నాడు.