బిడ్డల అపహరణము – పోలీసు దాఖలాలు



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల నేరముల పట్టికను తెఱచి చూచినచో, దొంగతనములు, కొట్లాటలు మొదలగువాని నడుమ ‘అపహరణము’ అను పంక్తి యొకటి కానవచ్చును. దాని కెదురుగా నొక అంకె యుండును. బిడ్డలను గన్నవారి గుండె ఆ అంకెను జూచి ఝల్లుమనును. అయితే అందులో నేది చేరినదో, ఏది చేరలేదో తెలిసికొనక దాని నర్థము చేసికొనుట సాధ్యము కాదు. నేటి ప్రసంగమున నా విషయమునే ముచ్చటించెదను.

ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీన ఉమ్మడి వరంగల్లు జిల్లాను విభజింపగా నేర్పడినవి. నిజాము కాలమున జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. ఆనాటి సర్కారు దాఖలాల భాష ఉర్దూ. బ్రిటిషు ఇండియాలో 1862 జనవరి 1 నుండి అమలైన శిక్షాస్మృతి ఈ సీమకు 1951లో గాని రాలేదు. ఎల్లలు మాఱినవి, భాష మాఱినది, చట్టము మాఱినది. కావున ఇచ్చటి నేరచరిత్రను నూఱేండ్ల పొడవున నొకే గీతగా గీయబూనుట పొరపాటు.

అంకెలు చెప్పని చరిత్రను చట్టము చెప్పును. ఆ శిక్షాస్మృతిలో, పదేండ్లలోపు బిడ్డను ఒంటిమీది సొత్తు కాజేయు తలంపుతో నెత్తుకొనిపోవువానికి ఏడేండ్లవఱకు ఖైదు విధించు సెక్షను వేఱుగా నుండెను. మురుగులు, మొలత్రాడు పెట్టిన పసివానిని తిరునాళ్ల గుంపులో విడుచుటకు తల్లులేల జంకెడివారో దానివలన తెలియును. 1960 నుండి, బిచ్చమెత్తించుటకై పిల్లల నపహరించుట ప్రత్యేక నేరమైనది. అందుకై అవయవములను చెఱచినవానికి యావజ్జీవ శిక్ష విధింపవచ్చును. సొమ్ముకై మనుష్యుని బంధించి బెదిరించుటపై 1993లో మఱియొక సెక్షను చేరినది. ఏ కాలపు భయము ఆ కాలపు చట్టమున వ్రాయబడినది.

ఇక వ్రాయబడనిదానిని గూర్చి చెప్పవలెను. తెలంగాణమున దొరల గడీలలో ‘ఆడబాప’ యను ఆచార ముండెడిది. దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు, పేదయింటి ఆడుపిల్లను దాసిగా వెంట పంపెడివారు. ఆ పిల్ల తల్లిదండ్రుల యిష్టమెవ్వరడిగిరి? ఆమె తిరిగివచ్చుట యెన్నడు? అది అపహరణము గాక మఱేమి? కాని ఊరి పోలీసు పటేలు దొర మాట దాటగలవాడు కాడు. ఫిర్యాదు వ్రాయువాడే లేనప్పుడు దాఖలా యెక్కడిది? వెట్టితోపాటు ఈ దురాచారమును ఆంధ్రమహాసభ వేలెత్తి చూపెను. 1946లో జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకికి బలియగుటతో రగిలిన పోరాటమునకు వెనుక ఇట్టి దుఃఖములెన్నియో కలవు. నేరము తక్కువని చూపు దాఖలా నమ్మదగినది కాదని ఈ చరిత్ర నేర్పును.

దీనికి విపర్యయము నేటి కాలమున కలదు. తప్పిపోయిన బిడ్డనుగూర్చి ఠాణాకు పోయిన తల్లిదండ్రులకు పూర్వము తఱచుగా లభించినది ‘కనబడుటలేదు’ అను నమోదు మాత్రమే. బిడ్డ తప్పిపోయెనన్న ఫిర్యాదు రాగానే, అపహరణమో అక్రమరవాణాయో జరిగినదని మొదట భావించి కేసు కట్టవలెనని 2013 మే 10న సుప్రీంకోర్టు ఆదేశించెను. ఇట్టి ఆజ్ఞ అమలైనచోట అంకె పెరుగుట సహజము. అది నేరము పెరిగినదనుటకు కాక, నేరము కంటబడినదనుటకు గుఱుతు కావచ్చును.

మఱియు నా అంకెలో వేఱువేఱు కథలున్నవి. పదునెనిమిదేండ్లు నిండని పిల్ల ప్రేమించినవానితో వెడలిపోయినను, తల్లిదండ్రుల ఫిర్యాదుపై అది అపహరణముగానే నమోదగును. తనంతట తాను వచ్చినదానిని వెంట రానిచ్చుట మాత్రమే ‘తీసికొనిపోవుట’ కాదని 1964లో మద్రాసు వ్యాజ్యెమున సుప్రీంకోర్టు వివరించెను. అది కోర్టులో తేలవలసిన మాట. పట్టికలో తేలునది కాదు. సంరక్షకుల చేతినుండి తీసికొనిపోవు నేరమునకు మగపిల్లలకు పదునాఱు, ఆడుపిల్లలకు పదునెనిమిది యేండ్లని యుండిన వయోభేదమును, 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత తొలగించి, అందఱికిని పదునెనిమిదిగా నేర్పరచెను. కావున ఆ తేదీకి ముందు వెనుకల అంకెలను పోల్చునపుడు జాగ్రత్త వలయును.

2020 అక్టోబరులో మహబూబాబాదు పట్టణమున నొక బాలుడు అపహరింపబడి హతుడయ్యెను. తీసికొనిపోయినవాడు పరాయివాడు కాడు, ఎఱిగినవాడే. 2023లో న్యాయస్థానము నేరస్థునకు మరణదండన విధించెను. ఇంతకు రెండేండ్లు ముందు, 2018 మే మాసమున, పిల్లల నెత్తుకొనిపోవువారు వచ్చిరను పుకారు తెలంగాణమున చేతిఫోనులలో ప్రాకగా, జనులు గుంపులుగూడి నిరపరాధులను కొట్టి చంపిరి. పరదేశిని చూచి భయపడితిమి. పరిచితుని చూచి యేమఱితిమి.

కావున శ్రోతలారా, అంకె పెరిగెనని బెదరవలదు, తఱిగెనని నిశ్చింతగా నుండవలదు. బిడ్డ కనబడనిచో రాత్రివఱకు చూతమని జాగు చేయక, వెంటనే ఠాణాకు పోయి కేసు కట్టింపుడు. 1098కి ఫోను చేయుడు. ఆడబాపగా పంపబడిన పిల్ల పేరు ఏ పుస్తకమునను చేరలేదు. నేడు తప్పిపోయిన బిడ్డ పేరైనను వ్రాయించుట మన చేతిలోని పని.