హఠాత్ కోప రుగ్మత

కారణం చిన్నది, కోపం మాత్రం కొండంత. తిట్లు, గిన్నెలు విసరడం, తలుపులు బాదడం, చేయిచేసుకోవడం; సాధారణంగా అరగంటలోపే అంతా చల్లారి సిగ్గూ పశ్చాత్తాపమూ మిగులుతాయి. ఇది పదేపదే జరుగుతుంటే వైద్యులు ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్ అంటారు. లాభం కోసం, పథకం ప్రకారం చేసే దౌర్జన్యం ఇందులోకి రాదు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ఈ పేరును తన వర్గీకరణలో చేర్చింది. 2013 నాటి కొలమానం ప్రకారం మూడు నెలలపాటు సగటున వారానికి రెండుసార్లు నోరుపారేసుకోవడమో, నష్టం లేని దాడులో ఉండాలి. లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తువులు ధ్వంసం కావడమో, ఎవరికైనా గాయం కావడమో జరగాలి. ఆరేళ్లలోపు పిల్లలకు ఈ నిర్ధారణ వర్తించదు.

ఈ కోపం ఒంటరిగా రావడం అరుదు. 9,282 మందిని ప్రశ్నించిన అమెరికా సర్వే ఫలితాలు 2006లో వెలువడ్డాయి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మత ఉన్నవారు 7.3 శాతం. వారిలో ప్రతి ఐదుగురిలో నలుగురికి కుంగుబాటు, ఆందోళన, మద్యం వ్యసనం వంటి మరో సమస్య కూడా ఉంది. అసలు విషయం ఇక్కడుంది: మానసిక సమస్యకో వ్యసనానికో వైద్యం పొందినవారు 60 శాతం ఉండగా, కోపానికంటూ వైద్యం పొందినవారు 29 శాతమే. చాలామంది డాక్టరు దగ్గరికైతే వెళ్లారు, కోపానికి మాత్రం వైద్యం పొందలేదు.

మన దగ్గరికి వస్తే, విశాఖపట్నంలో మానసిక వైద్యం కొత్తగా వచ్చిందేమీ కాదు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల 1871 నాటిది. 1933లో మొదలైన ఓడరేవు కంటే ఆరు దశాబ్దాలు పెద్దది. ఆంధ్ర వైద్య కళాశాల విద్యార్థులు మానసిక వైద్యం నేర్చుకునేది అక్కడే. అయినా జనం నోట దానికి ‘పిచ్చాసుపత్రి’ అన్న పేరే నిలిచింది. మద్యం మానిపించడానికైతే మనిషిని తీసుకెళ్తారు; కోపానికి అక్కడికెందుకు అంటారు.

ప్రతి చిరాకూ రోగం కాదు. ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్ట్ చేసి, పగలు నిద్రపట్టని కార్మికుడు ఇంట్లో విసుక్కుంటే ముందు చూడాల్సింది నిద్ర సంగతి. తాగిన మత్తు, తలకు దెబ్బ, ఫిట్స్, బైపోలార్ ఉన్మాద దశ కారణాలు కావని తేలాకే ఈ పేరు పెట్టాలి.

చికిత్సలో ప్రధానమైనది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. రెచ్చిపోయే సందర్భాన్ని ముందే గుర్తుపట్టడం, ఎదుటివాడు కావాలనే చేశాడన్న తొలి ఊహను ప్రశ్నించడం, అక్కణ్నుంచి పక్కకు తప్పుకోవడం నేర్పుతారు. ఫ్లూఆక్సెటిన్ మాత్ర దూకుడు తగ్గించినట్టు 2009 నాటి పరీక్షలో తేలింది, కానీ అందరికీ పూర్తిగా నయం కాలేదు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ ఉచిత నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ కోపాన్ని భరిస్తున్న ఇంట్లోవాళ్లూ ఫోన్ చేయవచ్చు.